ఫ్యూజు ఎవరికి కాపలా?

మే నెల సాయంత్రం వరంగల్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఈ మాట వినపడుతుంది. "ఏసీ వేసిన అరగంటకు ఎమ్‌సీబీ పడిపోతుందన్నా, ఏం చెయ్యాలె?" కౌంటరు వెనకాల మనిషి ఇంకేమీ అడగకుండానే అరలోంచి ఒక డబ్బా తీస్తాడు. "ముప్పైరెండుది తీస్కపో, మల్ల పడది." నిజమే, మళ్ళీ పడదు. 16 ఆంపియర్లది తీసేసి 32 ఆంపియర్లది బిగించిన ఇంట్లో ఆ వేసవంతా ఏసీ హాయిగా నడుస్తుంది. గోడలో ఉన్న తీగ మాత్రం అదే పాత తీగ.

ఇంట్లో ఏ సామానుకు ఎంత ఫ్యూజు ఉండాలి అని అడిగితే తలో జవాబు చెప్పడానికి కారణం ప్రశ్నలోనే ఉంది. గీజరుకు ఎంత, మోటారుకు ఎంత అని సామానును బట్టి అడుగుతాం. ఫ్యూజు కాపలా కాసేది ముఖ్యంగా బోర్డు నుంచి సామాను దాకా పోయే తీగకు. తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పారితే దాని మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది, కరుగుతుంది, చివరకు అంటుకుంటుంది. అంతదాకా రాకముందే తెగిపోయేలా దారిలో ఒకచోట కావాలని పెట్టుకున్న బలహీనమైన ముక్క ఫ్యూజు. అది తెగే సమయానికి మిక్సీ మోటారు కాలిపోయే ఉండవచ్చు. ఇల్లు మాత్రం కాలకూడదు.

ఈ ఆలోచన ఇళ్ళలోకి బల్బులు రాకముందే పుట్టింది. 1847లో ఫ్రాన్స్‌లో లూయీ బ్రెగే టెలిగ్రాఫ్ ఆఫీసులకు పిడుగుల బెడద తప్పించడానికి లైనులో కొంత మేర సన్నని తీగ పెట్టమన్నాడు. పిడుగు పడితే అది కరిగిపోతుంది, లోపలి యంత్రం మిగులుతుంది. 1890లో ఎడిసన్ ఫ్యూజుకు పేటెంటు తీసుకున్నాడు. 1924లో జర్మనీ ఇంజినీరు హ్యూగో స్టోట్జ్ కరిగే తీగతో పనిలేకుండా తనంతట తానే పడిపోయే, మళ్ళీ పైకి లేపుకోగలిగే చిన్న స్విచ్చుకు పేటెంటు పొందాడు. ఇప్పుడు ప్రతి ఇంటి బోర్డులో వరుసగా నిలబడే ఎమ్‌సీబీలకు అదే మూలం.

అయితే తెలుగిళ్ళలో ఒక తరానికి ఫ్యూజంటే తెల్ల పింగాణీ కట్‌అవుట్. షాపులో దాని పేరు కిట్‌క్యాట్. పైముక్క పట్టుకు లాగితే చేతికి వచ్చేస్తుంది, దాని రెండు కొనల మధ్య సన్నని తీగ ఉంటుంది. వాన రాత్రి టప్‌మని పోతే కొవ్వొత్తి వెలుగులో స్క్రూడ్రైవరు వెతుక్కోవడం ఇంటి మగపిల్లలకు తొలి ఎలక్ట్రికల్ పాఠం. రీలు మీద అమ్మే, తగరం పూత పూసిన అసలు ఫ్యూజు తీగ ఆ వేళకు ఎవరింట్లోనూ కనిపించదు. దొరికేది పాత వైరు ముక్క. దాన్ని ఒలిచి ఒక పోగు లాగి చుట్టేస్తారు. అదీ పోతే రెండు పోగులు. మూడోసారి పోయేసరికి విసుగొచ్చి మూడు కలిపి మెలేస్తారు.

ఆ మెలిక విలువెంతో లెక్కగట్టవచ్చు. సన్నని తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే బ్రిటిష్ ఇంజినీరు విలియం ప్రీస్ ఒక సూత్రం కట్టాడు. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో హెచ్చవేసి, రాగి అయితే మళ్ళీ 80తో హెచ్చవేయాలి. ఇళ్ళలో వాడే మెత్తటి వైరులో పోగు సాధారణంగా 0.3 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ఒక్క పోగు కరగడానికే దాదాపు 13 ఆంపియర్లు కావాలి. రెండు పోగులకు 26. మూడింటికి 39.

లైట్లూ ఫ్యాన్లూ ఉండే లైనులో వేసే ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ, గొట్టంలో పోతుంటే, మోసేది 11, 12 ఆంపియర్లే. వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది. 12 మోయాల్సిన తీగలో 36 పారితే పుట్టే వేడి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. మామూలు పీవీసీ తొడుగు నిలకడగా తట్టుకునేది 70 డిగ్రీలు. మూడు పోగుల ఫ్యూజు ఇంకా కరగడం గురించి ఆలోచించకముందే గోడలో తీగ తొడుగు కరుగుతుంది. తీగే ఫ్యూజు అయిపోయిందన్నమాట.

అసలైన ఫ్యూజు తీగ కొలతలు వేరు. 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్లు, 10కి 0.35, 15కి 0.5, 30కి 0.85. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. 15 అని రాసిన తీగ 15 దగ్గర తెగదు. ఆ అంకెకు ఒకటిన్నర, రెండు రెట్ల దగ్గర తెగుతుంది. అందుకే బ్రిటిష్ వైరింగ్ నియమాలు కిట్‌క్యాట్ తరహా ఫ్యూజుకు ఒక కోత పెట్టాయి: తీగ మోయగలిగినదాంట్లో 72.5 శాతానికి మించిన ఫ్యూజు పెట్టకూడదు. 20 ఆంపియర్లు మోసే తీగ మీద 20 ఆంపియర్ల కిట్‌క్యాట్ పెట్టకూడదు, 14.5 దాకానే. అదే తీగకు 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ సరిపోతుంది, ఎందుకంటే అది తన అంకెకు దగ్గరగా పడుతుంది. కిట్‌క్యాట్‌ను తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, సరైన తీగ వేస్తే అది తన పని బాగానే చేస్తుంది. దాని దోషమల్లా ఏది చుట్టినా కాదనకపోవడం.

పాత ఇళ్ళలో ఇంకో విడ్డూరం కనిపిస్తుంది: ఫేజుకొక కట్‌అవుట్, న్యూట్రల్‌కొక కట్‌అవుట్. న్యూట్రల్ మీది ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, కరెంటు లేదనుకుని హోల్డరులో చెయ్యి పెడతారు, అక్కడ ఫేజు ప్రాణంతో ఉంటుంది. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు పెట్టకూడదని 1956 నాటి విద్యుత్ నియమాలే చెప్పాయి. ఇప్పటికీ అలాంటి బోర్డు ఉన్న ఇల్లుంటే, న్యూట్రల్ వైపు తీగ తీయించి గట్టి లింకు వేయించడం చిన్న పని.

ఇక షాపు ముందటి ప్రశ్నకు వస్తే, ఎంపికకు సూత్రం ఒకటే. సామాను వాడే కరెంటు కన్నా ఫ్యూజు అంకె పెద్దదిగా ఉండాలి, తీగ మోసే కరెంటును దాటకూడదు. ఫ్యూజు ఆ రెంటికీ మధ్యలో నిలబడాలి. సామాను కరెంటు తెలుసుకోవడానికి వాట్లను 230తో భాగిస్తే చాలు. తీగ సంగతికి కంపెనీల పట్టికలున్నాయి: గొట్టంలో పోయే రాగి తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే 14 ఆంపియర్ల చుట్టుపక్కల, 2.5ది అయితే 19, 20, 4ది అయితే 26. ఒకే గొట్టంలో నాలుగైదు లైన్లు కుక్కితే ఇంకా తగ్గుతుంది. పాత ఇళ్ళలోని అల్యూమినియం తీగకు రాగిలో దాదాపు 60 శాతం వాహకతే, కాబట్టి ఈ అంకెలు దానికి పనికిరావు.

2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లది 13. 2.5 తీగ, 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ దానికి చక్కగా అమరుతాయి. గీజరులో ఉన్నది కాయిలే కాబట్టి మొదలెట్టినప్పుడు ఎగిరిపడే లోడు లేదు, లెక్క తేలిక. ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ పొయ్యి కూడా ఇంచుమించు ఈ కోవలోవే. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే దాన్ని 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టడమే తప్పు, ఫ్యూజు దాకా వెళ్ళనక్కర్లేదు. లైట్లు, ఫ్యాన్లు, టీవీ ఉన్న లైనుకు 6 ఆంపియర్లు ధారాళం: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఇరవై వేసినా ఆంపియరు కాదు.

మోటారు ఉన్న సామాను దగ్గరే తేడా వస్తుంది. సంపు నుంచి ట్యాంకుకు నీళ్ళెక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకుంటుంది. స్విచ్చు వేసిన క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణానికి ఎమ్‌సీబీ బెదిరిపోతే రోజూ ఇబ్బందే. దాని మొహం మీద అంకెకు ముందుండే అక్షరం ఇందుకోసమే. బీ రకం తన అంకెకు 3 నుంచి 5 రెట్లు దాటితే తక్షణం పడుతుంది, సీ రకం 5 నుంచి 10 రెట్లకు, డీ రకం 10 నుంచి 20 రెట్లకు. ఏసీకి, మోటారుకు, ఫ్రిజ్‌కు సీ. గీజరుకు, లైట్లకు బీ. మన షాపుల్లో అడగకపోతే అన్నింటికీ సీ ఇచ్చేస్తారు.

అది అన్నిచోట్లా చిన్న విషయం కాదు. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న ఇంట్లో షార్ట్ అయినప్పుడు దారి మొత్తం అడ్డు 2.5 ఓమ్‌లు ఉందనుకుందాం. పారే కరెంటు 92 ఆంపియర్లు. బీ16 ఎమ్‌సీబీ 80 దగ్గరే తప్పకుండా పడిపోతుంది. సీ16 తప్పకుండా పడేది 160 దగ్గర. 92కు అది వెంటనే పడవచ్చు, లేదా లోపలి పట్టీ వేడెక్కేదాకా సెకన్ల కొద్దీ ఆగవచ్చు. పట్నంలో రెండూ ఒకటే, ఊరి చివర కాదు.

ఎమ్‌సీబీ లోపల రెండు కాపలాదారులుంటారు. షార్టుకు స్పందించేది ఒక అయస్కాంతపు కాయిలు. ఓవర్‌లోడుకు స్పందించేది రెండు లోహాలు అతికిన పట్టీ. వేడెక్కితే వంగి మీట వదిలేస్తుంది. తన అంకెకు 1.13 రెట్ల దాకా గంటసేపు పడకూడదు, 1.45 రెట్లకు గంటలోపు పడాలి, ఇదీ ప్రమాణం. 16 ఆంపియర్లది 18 దాకా ఓర్చుకుంటుంది, 23 దాటితే ఎంతోసేపు ఓర్చుకోదు. ఈ లెక్కంతా చుట్టూ 30 డిగ్రీలుందన్న అంచనా మీద కట్టింది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో, పడమటి గోడకు దిగ్గొట్టిన ఇనుప బోర్డు డబ్బాలో, 50 డిగ్రీలుంటే ఆ పట్టీ ముందే సగం వంగి ఉంటుంది. 16ది 14, 15 మధ్యకు జారిపోతుంది.

అయినా ఒకటిన్నర టన్నుల పాత ఏసీ తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే. పడిపోవడానికి కారణం ఇంకెక్కడో ఉంటుంది. అదే లైనుకు గీజరో, వాషింగ్ మెషీనో కలిపి ఉంటారు. ఎమ్‌సీబీ స్క్రూ వదులై అక్కడే వేడి పుడుతూ ఉంటుంది. బయటి యూనిట్ దుమ్ముతో మూసుకుపోయి కంప్రెసరు ఆపసోపాలు పడుతుంటుంది, లేదా దాని కెపాసిటరు పోయి మోటారు కదలలేక లాగుతుంటుంది. ఎమ్‌సీబీ పడి చెప్పే కబురు ఇది. 32ది పెట్టడమంటే కబురు తెచ్చినవాడి నోరు మూయడం. 4 తీగ ఉన్న లైనుకు 25 దాటకూడదు, 2.5 ఉంటే 20 కూడా అంచు మీదే.

సామాను లోపల ఉండే ఫ్యూజుల కథ వేరు. వీటిని సామాను కోసమే పెడతారు. స్టెబిలైజరులో, పాత టీవీలో కనిపించే చిన్న గాజు గొట్టం మూత మీద టీ2ఏఎల్ 250వీ అన్నట్టు సన్నటి అక్షరాలుంటాయి. టీ అంటే నిదానంగా తెగేది, ఎఫ్ అంటే వెంటనే తెగేది. 2ఏ అంటే రెండు ఆంపియర్లు. ఎల్ అంటే పెద్ద షార్టును ఆపే శక్తి తక్కువని. అదే అక్షరం హెచ్ అయితే ఎక్కువని, అలాంటివాటికి తరచుగా ఇసుక నింపిన పింగాణీ ఒళ్ళు ఉంటుంది. అంకె ఒకటే కదా అని హెచ్ తీసి ఎల్ పెడితే, పెద్ద షార్టు అయినప్పుడు గాజు పగిలి లోపల మెరుపు ఆగకుండా నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సామానులో టీ బదులు ఎఫ్ పెడితే స్విచ్చు వేయగానే పోతుంది, మనిషేమో ఇంకా పెద్దది కొనుక్కొస్తాడు.

రైస్‌కుక్కరులోనూ ఇస్త్రీపెట్టెలోనూ ఉండేది కరెంటును కాక వేడిని చూసే ఫ్యూజు. థర్మోస్టాటు చెడి వేడి హద్దు దాటితే ఒక్కసారే తెగుతుంది, మళ్ళీ అతకదు. రిపేరు షాపులో చాలాసార్లు దాని స్థానంలో ఒక తీగ ముక్క వేసి ఇస్తారు. కుక్కరు బాగానే వండుతుంది, మళ్ళీ థర్మోస్టాటు చెడే రోజుదాకా. కొత్తది వేయించుకునేటప్పుడు అదే డిగ్రీల అంకె ఉన్నది అడగాలి. టంకం వేడికే అది తెగిపోగలదు కాబట్టి నొక్కి బిగించడమే పద్ధతి.

ప్లగ్గులోనే ఫ్యూజు పెట్టిన దేశం బ్రిటన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగి పొదుపు కోసం ఇంటి చుట్టూ ఒకే తీగను వలయంలా తిప్పి, దానిమీదే సాకెట్లన్నీ పెట్టారు. ఆ వలయానికి 30, ఇప్పుడైతే 32 ఆంపియర్ల కాపలా. అంత పెద్ద ఫ్యూజు కింద టేబుల్ లైటు సన్న తీగకు రక్షణ ఉండదు కనుక 1947 నాటి ప్రమాణంతో ప్రతి ప్లగ్గులోనూ చిన్న ఫ్యూజు వచ్చింది: 700 వాట్ల దాకా 3 ఆంపియర్లు, అంతకు మించితే 13. బర్మింగ్‌హామ్‌కు చదువుకు వెళ్ళే పిల్లలు సూట్‌కేసులో పెట్టుకుపోయే 750 వాట్ల మిక్సీకి 3 ఆంపియర్లది చాలదు, నడిచేటప్పుడే 3.3 లాగుతుంది, మొదలెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ. ప్లగ్గులో 5 ఆంపియర్లది వేసుకోవచ్చు.

మన ప్లగ్గుల్లో ఫ్యూజు లేదు, ఒక్కో లైనుకు ఒక్కో ఎమ్‌సీబీ ఉంది కాబట్టి మామూలుగా లోటూ లేదు. అనాథగా మిగిలింది ఎక్స్‌టెన్షన్ బాక్సు. గోడలో 2.5 తీగ, బోర్డులో 16 ఎమ్‌సీబీ, వాటి చివర చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 0.75 తీగ. దాంట్లో హీటరూ ఇస్త్రీపెట్టే కలిపి పెడితే 13 ఆంపియర్లు పారుతుంటాయి, ఎమ్‌సీబీకి అది తప్పుగానే కనిపించదు. కొనేటప్పుడు చూడాల్సింది అందులో దానికంటూ ఒక ఫ్యూజో, నొక్కి మళ్ళీ పెట్టుకునే కట్‌అవుటో ఉందా అని, తీగ ఎంత లావని.

ఫ్యూజుకూ ఎమ్‌సీబీకీ కనిపించని ప్రమాదాలు మూడున్నాయి. మొదటిది షాక్. తడి చేత్తో వాషింగ్ మెషీను తాకిన మనిషిలో 150 మిల్లీఆంపియర్లు పారవచ్చు, ప్రాణం పోవడానికి అది చాలు. 6 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది ఒక 40 వాట్ల బల్బు లోడు కన్నా ఎక్కువేమీ కాదు. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమో కాదో చూసి, 30 మిల్లీఆంపియర్ల తేడాకే పడిపోయే ఆర్‌సీసీబీ వేరే కావాలి. మళ్ళీ దానికి ఓవర్‌లోడు తెలియదు, పక్కన ఎమ్‌సీబీ ఉండాల్సిందే. చాలా ఇళ్ళలో ఆర్‌సీసీబీ పెట్టిన వారానికే తీయించేస్తారు, "ఊరికే పడుతోంది" అని. తీరా చూస్తే ఇన్వర్టరు లైను న్యూట్రల్‌ను ఇంటి న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు, లెక్క కుదరక అది పడుతూ ఉంటుంది. విడదీస్తే నోరెత్తదు.

రెండోది వీధిలో న్యూట్రల్ తెగడం. ఒక్కసారిగా ఇంట్లో వోల్టేజి 300, 400 వైపు ఎగబాకి వీధి వీధంతా టీవీలు, సెట్‌టాప్ బాక్సులు పోతాయి. ఫ్యూజు తెగేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. అందుకు ఓవర్‌వోల్టేజి కటాఫ్ కావాలి. మూడోది వదులు కనెక్షను. గీజరు సాకెట్టులో పిన్ను పట్టు సడలితే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. కరెంటు మాత్రం ఎప్పటిలాగే 8.7 ఆంపియర్లే. ఏ ఫ్యూజూ దాన్ని పట్టుకోలేదు, కాలిన వాసన పట్టే ముక్కే పట్టుకోవాలి.

ఇన్వర్టరు బ్యాటరీ దగ్గర లెక్క ఇంకోలా తిరుగుతుంది. 600 వాట్లు 230 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లే, 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 50. ఆ తీగ లావుగా ఎందుకుందో, దాని ఫ్యూజు ఎందుకంత పెద్దదో అర్థమయ్యేది అక్కడే.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మేడల మీదికి ఎక్కుతున్న సోలార్ ప్యానెళ్ళు ఈ పాఠాలను సగం తలకిందులు చేస్తున్నాయి. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్ళు వరుసగా కలిపితే ఎండలో 250, 300 వోల్టుల డీసీ. మన ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది, కాబట్టి ఫ్యూజు తెగినప్పుడు పుట్టే మెరుపు తనంతట తానే ఆరుతుంది. డీసీకి ఆ దిగడం లేదు, మెరుపు సాగుతూనే ఉంటుంది; అందుకే పైన వాడే ఫ్యూజుల మీద జీపీవీ అన్న గుర్తు ఉండాలి, ఇంట్లో మిగిలిన మామూలు ఎమ్‌సీబీ అక్కడ పెట్టకూడదు. వింతేమిటంటే, 13 ఆంపియర్లు ఇచ్చే ప్యానెలును షార్ట్ చేస్తే వచ్చేది 14 ఆంపియర్లే. దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు ఎన్నటికీ తెగదు. మూడు, అంతకన్నా ఎక్కువ వరుసలు పక్కపక్కనే కలిపినప్పుడు, చెడిన వరుసలోకి మిగతా వరుసలు కరెంటు ఎదురు తోసినప్పుడే దానికి పని. ఒకే వరుస ఉన్న మామూలు ఇంటి మేడ మీద తీగను కాపాడేవి కనెక్టర్ల బిగింపు, తీగ తొడుగు నాణ్యత, అవసరమైనప్పుడు చేత్తో ఆపే డీసీ ఐసొలేటరు. అది ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చూపించమని ప్యానెళ్ళు బిగించేవాళ్ళను అడగాలి, వాళ్ళు నిచ్చెన దించుకునేలోపే.